ఓబుళమ్మ కారుకు వేసిన పెద్ద సిలిండర్

ఆ రోజు ఎర్రగుంట్ల దగ్గర రోడ్డు పక్కన నిలబడి, పదిమంది వింటుండగా, "బండి బాగానే ఉందప్పా" అన్నాను. బండి బాగాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ కారుకు క్లచ్ కట్టింది నేనే. పెడల్ బరువుగా ఉందనీ, వదిలేటప్పుడు బండి దూకుతుందనీ కట్టిన రోజే తెలుసు. అయినా ఆ మాట అన్నాను. దానివల్ల ఒక మనిషి ఏడాదికి పైగా తన కాలినే అనుమానించుకుంటూ బతికింది.

మెకానిక్ పని నేర్చుకునే పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమని ప్రొద్దుటూరులో తెలిసిన పంతులుగారు అడిగారు. నా చేతి మీదుగా పోయిన మంచి బండ్ల గురించి రాద్దామని కూర్చున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆ ఎర్రగుంట్ల రోడ్డు దగ్గరికే వస్తున్నాను. కాబట్టి అదే రాస్తాను. ఇంజన్ మార్పిడికి ఆఫీసుల చుట్టూ తిరిగిన కథ, షెడ్డు ఎట్లా పెరిగిందన్న కథ ఇందులో ఉండవు. అవి మీకు ఎవరైనా చెప్తారు.

షెడ్డు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డులో ఉండేది మా షెడ్డు. ముందు సగం నాది, వెనక సగం మస్తాన్‌ది. మస్తాన్ లేతు మిషను మీద పనిచేసేవాడు. నాకంటే బాగా చిన్నవాడు. వాళ్ల అమ్మ నన్ను తమ్ముడూ అని పిలిచేది కాబట్టి వాడికి నేను మామనయ్యాను. నేను ఇంజన్లు దించి ఎక్కించేవాణ్ణి. వాటికి కావలసిన బుష్షులు, పిన్నులు, పట్టీలు వాడు కోసిచ్చేవాడు.

పాత కార్లకు వేరే ఇంజన్లు ఎక్కించడంలో మా షెడ్డుకు పేరుండేది. మా వైపు పాత అంబాసిడర్లు, జీపులు చాలాకాలం బతికాయి. పెట్రోలు ఇంజన్ అరిగిపోయినా బాడీ గట్టిగా ఉండేది. ఏ వ్యాన్‌దో డీజిల్ ఇంజన్ పాత సామాన్ల వాళ్ల దగ్గర తెచ్చి, గేర్‌బాక్స్‌తో సహా అందులో కూర్చోబెట్టేవాళ్లం. ఇంజన్ కూర్చోబెట్టడం పెద్ద విద్యేం కాదు. అది తోలే మనిషి కాలికీ చేతికీ అందేట్టు కలపడమే అసలు పని. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

క్లచ్ కట్టాక పైపులోని గాలి తీయాలి. ఒక్క బుడగ మిగిలినా పెడల్ ఉత్తినే కిందికి పోతుంది, క్లచ్ విడవదు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కింద పడుకుని చిన్న నట్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. మాటతోనే పని. నేను పైన, మస్తాన్ కింద.

"తొక్కు మామా."

"తొక్కినా."

"పట్టుకో... పట్టుకోవయ్యా, నిద్రపోతాండావా?"

"పట్టుకునే ఉన్నాలే. నువ్వే కింద పండుకోని కలలు కంటాండావు."

"యాడ కలలు, నూనె కండ్లల్లో పడ్తాంటే. ఇడువు."

ఇప్పుడు ఆ షెడ్డులో సెల్‌ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. నేలంతా తెల్ల రాళ్లు పరిచారు. ఒకసారి లోపలికి పోయి నిలబడ్డాను. "ఏ మోడలు సార్?" అని అడిగాడు అంగడి అబ్బాయి. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను. మస్తాన్ కువైట్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం పూట ఇంట్లో పడుకుని ఉంటే నా ఎడమకాలు దానంతట అదే ముందుకు చాచుకుంటుంది. కింద నుంచి ఎవరో పలుకుతారన్నట్టు కాసేపు అట్లాగే ఉంటుంది.

బాబయ్య మేస్త్రీ

నేను పని నేర్చుకున్నది జమ్మలమడుగులో బాబయ్య మేస్త్రీ దగ్గర. ఆయన చెయ్యి గొప్పది. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. ఆ విద్య నాకు వచ్చినంత వచ్చింది.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఒకసారి ఆయన ఒక జీపు ఇంజన్‌కు హెడ్డు బోల్టులు సరిగా బిగించలేదు. ఆ జీపు దారిలో వేడెక్కి ఆగిపోయింది. జీపాయన వచ్చి కేకలేశాడు. మేస్త్రీ తాపీగా చేతులు తుడుచుకుంటూ, "ఎండలో ఒగే బిగిన తోలింటావు. నీళ్లు చూసుకోని తోలల్ల కదప్పా" అన్నాడు. కేకలేసిన మనిషి కాస్తా తల వంచుకుని, తనదే తప్పన్నట్టు మళ్లీ పని ఒప్పజెప్పి పోయాడు. ఆయన పోయాక మేస్త్రీ నా వైపు తిరిగి, "గిరాకీ ముందర తప్పు ఒప్పుకుంటివా, ఆ దినమే షెడ్డు మూసుకోవల్ల. గుర్తు పెట్టుకో" అన్నాడు.

గుర్తు పెట్టుకున్నాను. బేరింగు శబ్దాల కంటే బాగా గుర్తు పెట్టుకున్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన నన్ను కొట్టలేదు, పస్తులు పెట్టలేదు. కానీ ఈ విషయంలో ఆయన చెడ్డ గురువు, నేను మంచి శిష్యుణ్ణి. మీకు అట్లాంటి మేస్త్రీ దొరికితే చేతిపని నేర్చుకోండి, నోటిపని ఆయనకే వదిలేయండి.

రెండు సిరంజీలు

జరిగింది అర్థం కావాలంటే క్లచ్ గురించి కొంచెం తెలియాలి. పనిలో ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఇది ఆలోచించరు.

గొర్లకు మందు పొడిచే సిరంజీలు రెండు తీసుకోండి. రెంటినీ నూనెతో నింపి, సన్నని గొట్టంతో కలపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి వస్తుంది. క్లచ్ అంతే. పెడల్ దగ్గర ఉన్నది మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర ఉన్నది స్లేవ్ సిలిండర్. మీ కాలు మాస్టర్‌ను నొక్కితే స్లేవ్ కదిలి క్లచ్‌ను విడదీస్తుంది.

మాస్టర్ చిన్నదైతే కాలికి తేలిక. కానీ అది తోసే నూనె తక్కువ, స్లేవ్ కొంచెమే కదులుతుంది. క్లచ్ పూర్తిగా విడవక గేరు వేసేటప్పుడు కర్రుమంటుంది. మాస్టర్ పెద్దదైతే స్లేవ్ బాగా కదులుతుంది, గేరు వెన్నలా పడుతుంది. కానీ కాలికి బరువు. అంతేకాదు, వదిలేటప్పుడు పెడల్ కొద్ది దూరం లేచేసరికే క్లచ్ మొత్తం పట్టేస్తుంది. మెల్లగా వదలడానికి చోటు ఉండదు. కాలు ఏమాత్రం వణికినా బండి దూకుతుంది.

కంపెనీ నుంచి వచ్చిన బండిలో ఈ రెండింటినీ జత కుదిర్చే ఇస్తారు. మనం ఒక బండి పెడల్‌కు ఇంకో బండి గేర్‌బాక్స్ తగిలించినప్పుడు ఆ జత కుదర్చాల్సింది మనమే. లెక్క తెలియనివాళ్లకు తొక్కి చూడటమే లెక్క. మా వైపు షెడ్లన్నిటిలో అదే పద్ధతి. మెకానిక్ ఎక్కి తొక్కుతాడు, తల ఊపుతాడు, బండి బయటికి పోతుంది. ఎవరి కాలితో తొక్కాడని ఎవరూ అడగరు.

ఓబుళమ్మ

ఓబుళమ్మది పులివెందుల పక్కన ఒక పల్లె. మొదట గొర్లు మేపుకున్న కుటుంబం. తర్వాత బోరు వేసి, మేం చీనీ అనే బత్తాయి తోట పెట్టుకున్నారు. మొదటి మంచి కాపు వచ్చిన ఏడు ఆమె భర్త వెంకటేశు పాత అంబాసిడర్ కొన్నాడు. కొన్నాక తనకంటే భార్యే బాగా తోలుతుందని కనిపెట్టి, తాళాలు ఆమెకే ఇచ్చేశాడు. ఆయన చనిపోయాక కారు కూడా చాలాకాలం కదలక ఇంజన్ పట్టేసింది. దాన్ని ట్రాక్టర్‌తో మా షెడ్డుకు లాక్కొచ్చారు. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి.

"డీజిల్ ఇంజన్ పెట్టియ్యప్పా" అంది. "అమ్మి ఇంగోటి కొనుక్కోమంటాండారు. నాకు ఇదే కావల్ల."

"దీంట్లో అంత ఏముందమ్మా?"

"ఏముందా? నేను తోలుతాంటే ఆయప్ప పక్కన కూర్చోని పాటలు ఇంటాండె. ఊర్లో వాళ్లు నిలబడి నవ్వుతాండ్రి. ఆయప్ప మాత్రం, నవ్వనీలేమ్మే, వాళ్లను చూడాకు, గేరు చూడు అంటాండె." చెప్తూ తనే నవ్వింది. తర్వాత మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. "ఒగటి చెప్పల్ల. ఈ ఎడమ మోకాలు బాగలే. బోరుకాడ బురదలో జారి పడినా. పెడల్ మాత్రం మెత్తగా ఉండల్ల."

"అట్లనేలేమ్మా" అన్నాను. నా కళ్లు అప్పటికే బానెట్ కింద ఉన్నాయి. ఆమె మాట చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. మస్తాన్ మాత్రం లేతు ఆపి విన్నాడు.

ఇంజన్ బాగా కూర్చుంది. పాత క్లచ్ సామాను మొత్తం తీసేశాను. వ్యాన్ గేర్‌బాక్స్‌తో వచ్చిన స్లేవ్ సిలిండర్ లోపలి కొలత ఇరవై రెండు మిల్లీమీటర్లు. దానికి మాస్టర్ కావాలి. చేతికి దొరికిన పదహారు వేశాను. మాస్టర్ అంగుళం కదిలితే స్లేవ్ అర అంగుళమే కదిలింది. ఆ క్లచ్ విడవాలంటే దానికంటే కాస్త ఎక్కువ కావాలి. పెడల్ దూదిలా ఉంది, గేరు మాత్రం కర్రుమంది. పందొమ్మిది అయితే ముప్పావు అంగుళం కదుల్తుంది, సరిపోతుంది. అంగడికి పోతే, "పండగయినాక వస్తాది" అన్నారు.

పండగ దసరా. ఆయుధపూజ నాడు మేం పానాలు, సుత్తులు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచుతాం. ఆ రోజు వాటిని ముట్టుకోం. పూజనాటికి విప్పిన బండి షెడ్డులో ఉంటే ఏడాదంతా పని తెమలదని మాలో ఒక పట్టింపు. అందుకని ముందురోజు ఎట్లాగైనా బండ్లన్నీ బయటికి పంపేస్తాం. ఓబుళమ్మ కారొక్కటే మిగిలింది. అరలో పాత వ్యాన్‌ది ఇరవై రెండు మాస్టర్ ఉంది. తీసి వేసేశాను. మస్తాన్‌ను ఎక్కి తొక్కమన్నాను.

"గేర్లు బాగా పడ్తాండాయి. పెడల్ మాత్రం శానా బరువుంది మామా."

"నాకు సమంగానే ఉంది."

"నీకుంటాది. నీది మనిషి కాలా, దున్నపోతు కాలా? ఆయమ్మ మోకాలి సంగతి చెప్పె కదా. నాలుగు దినాలు ఆగు."

"పూజ నాడు బండిని ఈడ పెట్టుకోమంటావా?"

"ఊరికే నిలబడి ఉంటాది, నిన్నేమన్నా కరుస్తాదా?"

నేను వినలేదు. సాయంత్రం ఓబుళమ్మ వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, గుమ్మడికాయ కొట్టాం. ఆమె కూర్చుని క్లచ్ తొక్కింది. ఒక క్షణం ఆగి నా వైపు చూసింది.

"గట్టిగా ఉందే అప్పా?"

"కొత్త సామాను కదమ్మా. తోలేకొద్దీ మెత్తబడ్తాది."

నూనెతో పనిచేసే ఈ హైడ్రాలిక్ క్లచ్ తోలేకొద్దీ మెత్తబడదు. ఇది పని తెలిసిన ఎవరికైనా తెలుసు. ఆమె నమ్మింది. కారు రోడ్డెక్కి జమ్మలమడుగు వైపు కొంతదూరం పోయి, తిప్పుకొని వచ్చి, షెడ్డు ముందు హారన్ కొట్టి పోయింది. అప్పుడు నేను చాలా సంతోషించాను. అదీ చెప్పాలి.

ఎర్రగుంట్ల

దసరా అయ్యాక కొన్ని వారాలకు ఆమె ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలి ఇంటికని బయలుదేరింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. వరస జానెడు కదలడం, ఆగడం. అట్లాంటి చోట ఎడమకాలికి విశ్రాంతి ఉండదు. చాలాసేపు తొక్కి పట్టుకుని ఆమె మోకాలు వణకడం మొదలుపెట్టింది. చివరికి కాలు జారింది. కారు ఒక్క దూకు దూకి ముందున్న లారీ వెనక గుద్దుకుంది. ఆమె నుదురు స్టీరింగుకు తగిలింది.

నాకు కబురొస్తే మస్తాన్‌ను వెనక కూర్చోబెట్టుకుని మోటారు సైకిల్ మీద పోయాను. కారు ముందు జాలీ లోపలికి పోయింది. ఓబుళమ్మ టీ బంకు బెంచీ మీద కూర్చుని తడిగుడ్డ నుదుటికి అదుముకుంటోంది. లారీ డ్రైవర్ చుట్టూ జనం.

"ఇంత పెద్ద లారీ అగుపడల్యా అమ్మా నీకు?" అంటున్నాడు అతను.

కాసేపటికి ఆమె మరిది మల్లయ్య పులివెందుల నుంచి వచ్చాడు. భర్త పోయినప్పటి నుంచీ కారు అమ్మేయమంటున్నది ఈయనే. చెడ్డవాడు కాదు. తోట పనులన్నీ ఆయనే చూసేవాడు. కానీ ఆమె కారు తోలడం ఆయనకు మొదటి నుంచీ తలవంపులుగా ఉండేది.

"చెప్తే ఇన్యావా వదినా? ఈ వయసులో ఆడమనిషికి ఇదేంటికి?" అని, నా వైపు తిరిగాడు. "ఏమప్పా, కట్టినోడివి నువ్వే కదా. బండిలో ఏమన్నా లోపముందా, తోలే మనిషిలోనేనా? చూసి చెప్పు."

నేను ఎక్కి కూర్చున్నాను. క్లచ్ తొక్కాను. ఆ రోజు నా కాలికి కూడా అది బరువుగానే తెలిసింది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఓబుళమ్మ కూడా గుడ్డ పక్కకు తీసి చూస్తోంది. లోపం నాదని నేను చెప్తానని ఆమె అనుకోలేదు. లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని మాత్రం చూస్తోంది. తెలిసిన మనిషినని నా వైపు చూస్తోంది.

"బండి బాగానే ఉందప్పా" అన్నాను.

మల్లయ్య, చూస్తివా అన్నట్టు వదిన వైపు చెయ్యి తిప్పాడు. లారీ డ్రైవర్ నవ్వాడు. ఓబుళమ్మ మోకాలి వైపు చూసుకుని, "అట్లయితే నా కాలే" అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే అంది.

 

మస్తాన్ తెచ్చిన కబురు

ఆ తర్వాత ఓబుళమ్మ కారు మా రోడ్డున రాలేదు. డీజిల్ అంబాసిడర్ శబ్దం ఏది వినిపించినా నేను పని ఆపి తల ఎత్తేవాణ్ణి. వేరేది అయ్యుండేది. పులివెందుల బస్సు ఎన్నిసార్లో ఎక్కుదామనుకున్నాను. పోయి ఏం చెప్పాలి? చెప్తే ఊరంతా పాకుతుంది, షెడ్డు పేరు పోతుంది. ఇట్లా అనుకుంటూ మళ్లీ దసరా కూడా దాటించాను. పిరికివాడికి కారణాలకు కొదవ ఉండదని నన్ను చూసుకుని తెలుసుకున్నాను.

మస్తాన్‌కు కువైట్ వీసా వచ్చింది. పోయే ముందు పులివెందుల వైపు ఎవరిదో మోటారు షాఫ్టు అమర్చి వచ్చాడు. సాయంత్రం వచ్చి నా ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఓబుళమ్మ కారు రేకుల కింద ఉంది మామా."

"ఇంకా అమ్మల్యా?"

"మల్లయ్య బేరం కుదుర్చినాడు. రేపో ఎల్లుండో తోలకపోతారంట." స్టూలు ఇంకా ముందుకు జరుపుకున్నాడు. "ఆయమ్మ దాంట్లో కూర్చోనింది, నేను పోతాంటే."

"ఊరికేనా?"

"ఊరికే కాదు. ఇంజన్ ఆపేసి క్లచ్ తొక్కుతాంది. తొక్కేది, పట్టుకునేది, ఇడిసేది. మోకాలికి గుడ్డ చుట్టుకోనింది. ఏంటికమ్మా అని అడిగితే, కాలికి బలం రావల్ల కదా మస్తానూ, దినామూ తొక్కుతాండా, ఇంగా రాల్యా అనె."

నేను చేతిలోని పానా కింద పెట్టాను.

"నేను చెప్పేద్దామనుకున్నా. నోటిదాకా వచ్చింది. కానీ చెప్పాల్సింది నువ్వు" అన్నాడు మస్తాన్. "పోతావా? లేకుంటే ఈ మూట కూడా నన్నే కువైట్‌కు మోసకపొమ్మంటావా?"

"పోతా."

"పోతే పొద్దున్నే పో. మధ్యాహ్నమయితే నీకు మల్లా ధైర్యం తగ్గుతాది."

పులివెందుల బస్సు

పొద్దున్నే అంగడి తెరవగానే పోయి పందొమ్మిది మాస్టర్ సిలిండర్ అడిగాను. వెంటనే తీసిచ్చారు. పోయినేడు పండగయిన వారానికే వచ్చి అరలో ఉందట. దాన్ని సంచీలో వేసుకుని, పానాల పెట్టె తీసుకుని బస్సెక్కాను.

నేను పోయేసరికి ఇంటి ముందు మల్లయ్య, కారు కొనడానికి వచ్చిన మనిషి, ఇరుగుపొరుగు నలుగురూ ఉన్నారు. ఓబుళమ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

"ఏమప్పా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు మల్లయ్య.

కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "ఆ దినం ఎర్రగుంట్లలో నేను అబద్ధం చెప్పినాను. క్లచ్‌కు పెద్ద సిలిండర్ వేసింటి. మోకాలు బాగలేదని ఈయమ్మ ముందే చెప్పింది. పూజలోపల బండి పంపాలని ఆత్రంలో వేసేసినా. కాలు జారింది దానివల్లనే. ఈయమ్మ తోలడంలో తప్పు లేదు."

"ఇన్నాళ్లకు తెల్లారిందా నీకు?" అన్నాడు మల్లయ్య.

కొనడానికి వచ్చినాయన చెప్పులు వేసుకుని, "మీరు మీరు మాట్లాడుకోండి" అని పక్కకు పోయాడు.

ఓబుళమ్మ మెట్లు దిగి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"దినామూ తొక్కుతాంటి" అంది. "మందు నూనె రుద్దుకోని తొక్కుతాంటి. రాత్రుళ్లు నొస్తాంటే, ముసిలిదాన్నయితి, ఇంగ నాతో కాదు అనుకుంటాంటి. ఆయప్ప ఫొటో ముందర నిలబడి, నాతో కాలేదయ్యా అని కూడా చెప్పినా. నీకు ఒగ్గ మాట చెప్పేకి ఇన్ని నాళ్లు పట్టిందా?"

"పట్టిందమ్మా."

"ఏంటికి?"

"పేరు పోతాదని."

"నా పేరు పోతే పోనీ అనుకుంటివి."

  సంచీలోంచి సిలిండర్ తీసి చూపించాను. "దీన్ని వేసిపోతానమ్మా. తర్వాత నువ్వు అమ్ముకున్నా సరే."

"అమ్మేది లేనిది నేను చెప్తా. ముందు ఎయ్యి" అంది.

ఈసారి నా కాలిని నమ్మలేదు. చీనీకాయలు తూచే కొక్కెం కాటా అడిగి తెప్పించాను. దాన్ని పెడల్‌కు తగిలించి లాగి, పెడల్ దిగడానికి ఎంత బరువు కావాలో ముల్లు చూశాను. మల్లయ్య కూడా వంగి చూశాడు. "ఇంత బరువా?" అన్నాడు. తర్వాత ఓబుళమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కాటా ఒక కొసను కుర్చీకి, రెండో కొసను తాడుతో పాదానికి కట్టి, నొప్పి లేకుండా ఎంత నెట్టగలదో చూశాను. ఆ రెండు బరువులకూ మధ్య ఉన్న తేడా చూస్తే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పందొమ్మిది మాస్టర్‌తో కొంత బరువు తగ్గింది. ఇంకా తగ్గాలి. పెడల్ కాడలో మాస్టర్ కడ్డీ తగిలే రంధ్రం చోటు మార్చి, కీలుకు ఇంకాస్త దగ్గరగా వేరే రంధ్రం వేశాను. అప్పుడు కాలికి పట్టు పెరుగుతుంది. స్లేవ్ కదలిక తగ్గుతుంది గానీ, క్లచ్ విడవడానికి చాలినంత ఉంది. మళ్లీ కాటా పెట్టి చూస్తే పాత బరువులో సగానికి కొంచెం పైన నిలిచింది.

మధ్యలో ఆమె అన్నం పెట్టింది. "కోపం తగ్గిందనుకోవాకు. ఆకలితో పన్జేస్తే మల్లా ఏదో ఒగటి తప్పు చేస్తావని పెడ్తాండా" అంది.

గాలి తీయడానికి రెండో మనిషి కావాలి. మస్తాన్ లేడు. ఓబుళమ్మే ఎక్కి కూర్చుంది. నేను కింద పడుకున్నాను.

"తొక్కమ్మా."

"తొక్కినా."

"పట్టుకో."

"పట్టుకున్నా." కొంచెం ఆగి, "ఇదేంది, మెత్తగుంది?" అంది.

"ఇంతే ఉండల్లమ్మా. మొదట్నుంచీ."

 నట్టు బిగించి, వదలమని చెప్పబోయి ఆగాను. ఆమె ముఖం నాకు కనబడదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత ఆమే అడిగింది, "ఇడువల్లా?" అని.

"ఇడువమ్మా."

చేసిన పని

రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాను. మరుసటి రోజు పొద్దున ఆమె కారు తీసింది. నన్ను పక్కన కూర్చోమంది. ముద్దనూరు దాటి ఎర్రగుంట్ల వైపు తిప్పింది. ఆ దారినే ఎందుకో నేను అడగలేదు. సిమెంటు లారీల వరస ఎప్పటిలాగే ఉంది. జానెడు కదలడం, ఆగడం. ఆమె కాలు వణకలేదు. నాదే ఊరికే ఉండలేదు. ఆమె క్లచ్ తొక్కినప్పుడల్లా నా ఎడమకాలు కింది రేకును తొక్కుతోంది.

ఆమె కొంతసేపు ఓపిక పట్టింది. "ఏందప్పా, నువ్వు కూడా తొక్కుతాండావు?"

"తెలీకుండా పోతాందమ్మా కాలు."

"దిగు."

"ఏమ్మా?"

"దిగప్పా. నువ్వు పక్కనుంటే నేను నీకోసం తోలినట్లుంటాంది. నా చెల్లెలింటికి నేను పోతా."

పానాల పెట్టె తీసుకుని దిగాను. వరస కదిలింది. కారు నెమ్మదిగా, ఎక్కడా దూకకుండా లారీ వెనకే పోయింది. తెరపి దొరికాక రెండో గేరు, తర్వాత మూడో గేరు పడటం విన్నాను. ఇప్పటికీ ఆ శబ్దం వినాలని ఉంటుంది. ఆమె తర్వాత మా షెడ్డుకు రాలేదు. బండి పనులు పులివెందులలోనే చేయించుకుంది. అది న్యాయమే. మల్లయ్య ఒకసారి బస్టాండులో కనబడి, "వదిన నిన్న కడపకు పోయి వచ్చిందప్పా" అని మాత్రం చెప్పి పోయాడు.

ఆమె నన్ను దింపేసిన రోజు ఎర్రగుంట్లలో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగాక నేను ఇంటికి పోలేదు. ఓబుళమ్మకు వేసినట్టే ఇంకా ఎవరెవరికి చేతికి దొరికిన సిలిండర్ వేసి, నా కాలితో తొక్కి పంపానో బస్సులోనే ఒక్కొక్కరుగా గుర్తు తెచ్చుకున్నాను. కొందరి బండ్లు తుక్కుకు పోయి ఉంటాయి, కొందరు అమ్మేసుకుని ఉంటారు. మిగిలినవాళ్ల ఇళ్లు తెలుసు. షెడ్డుకు తాళం వేసే ఉంచి, పానాల పెట్టెతో చాపాడు బస్సెక్కాను. అక్కడ ఒక రైతుకు జీపు కట్టిచ్చి ఉన్నాను.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "బండి బాగానే ఉందే. నేనేం పిలవల్యా కదా?" అన్నాడు.

"నువ్వు పిలవలేదు. నేనే వచ్చినా. ఈ బండి ఎక్కువ ఎవరు తోలుతారప్పా?"

"నేనే. పొద్దున పాలు పోసేకి మాత్రం మా ఇంటామె తీసకపోతాది."

"ఆయమ్మకు క్లచ్ ఎట్లుంది?"

ఆయన నవ్వాడు. "అదెవరు అడిగినారు?"

"నేను అడుగుతాండా" అని పెట్టె కింద పెట్టాను. "ఒకసారి ఆయమ్మను పిలువు. ఎక్కి తొక్కమను. నేను పక్కన నిలబడి చూస్తా."